చొక్కాకు గుచ్చుకున్న చిన్న జెండా



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చి ఈరోజు పట్టాలు అందుకున్న మీకు కల్నల్ సంతోష్‌బాబును పరిచయం చేయనక్కర్లేదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది మన సైనికులు నేలకొరిగారు. సూర్యాపేట బిడ్డ కడసారి ఊరికి వస్తుంటే కరోనా భయాన్ని కూడా పక్కనపెట్టి జనం దారి పొడవునా పూలు చల్లారు. మహావీర చక్ర వచ్చింది, ఊళ్లో విగ్రహం వెలిసింది. పోయిన వీరుణ్ని నెత్తిన పెట్టుకోవడం మనకు తెలుసు. నేను మాట్లాడాలనుకున్నది బతికున్నవాడి గురించి.

జవానుకు సర్వీసు పింఛను రావాలంటే మామూలుగా 15 ఏళ్లు నిండాలి. ఇంటి ఇబ్బందులతో ముందే బయటికొచ్చినవాడికి నెలనెలా వచ్చేదేమీ ఉండదు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఏ బ్యాంకు ముందో, రైసుమిల్లు గేటు దగ్గరో కాపలా కాస్తాడు. ఆ తర్వాత అద్దె ఎట్లా కడతాడు? హవల్దారు స్థాయి దాకా పనిచేసి, పింఛను లేక, 65 ఏళ్లు దాటిన నిరుపేదలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు 4,000 రూపాయలు ఇచ్చేది. 2025 నవంబరు నుంచి దాన్ని 8,000 చేశారు. ఆ డబ్బు పతాక దినోత్సవ నిధిది. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న బళ్లో పిల్లల చొక్కాలకు గుచ్చే చిన్న జెండా ఉంది చూశారా, దానికి ఇచ్చిన రూపాయి చేరేది ఆ నిధికే. ఆ మాట బళ్లోనే చెప్పి ఉండాల్సింది.

ఇట్లాంటి నిధికి ఇవ్వడానికి ఇంకో దారీ ఉంది. న్యూజెర్సీలో మీ అన్నో అక్కో ఉంటే అడగండి. అక్కడి రాష్ట్ర పన్ను రిటర్నులోనే ఇల్లులేని మాజీ సైనికుల నిధికి ఇష్టమైనంత రాసే గడి ఉంటుంది. మన రిటర్నులో లేదు. ఉండాలని అడగండి, ముఖ్యంగా మీలో బీకాం చదివినవాళ్లు. అందాకా నిధికి నేరుగా పంపవచ్చు. పన్ను మినహాయింపు పాత విధానంలో కట్టేవాళ్లకే గనుక మీ తొలి జీతాలకు బహుశా అది కలిసిరాదు. అయినా పంపండి.

మీతో ఇంటర్ చదివి అగ్నివీర్‌గా సైన్యంలోకి వెళ్లినవాళ్లు ఉంటారు. ఇప్పుడున్న నియమం ప్రకారం నాలుగేళ్లయ్యాక నలుగురిలో ముగ్గురు పింఛను లేకుండా ఇంటికొస్తారు. వాళ్ల నంబర్లు మీ ఫోన్లలో ఇంకా ఉన్నాయా? ఈ సాయంత్రం ఒకసారి పలకరించండి.