కుర్చీ ఉద్యోగానికి శ్రుతి తోడు

(పుదుచ్చేరిలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు "నలుగురికీ పనికొచ్చేది చెప్పండి" అన్నారు. నేను విద్వాంసుణ్ణి కాను. నలభై దాటాక వయొలిన్ పట్టిన క్లర్కుని. ఆ అనుభవమే చెబుతాను.

ఫీల్డు సర్వీసు అయ్యాక నన్ను రికార్డుల పనిలో వేశారు. పరేడ్ గ్రౌండ్ మనిషిని కుర్చీలో కూర్చోబెడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటల వేళ, చనిపోయిన ఒక జవాను కుటుంబ పెన్షన్ కాగితంలో రెండు అంకెలు తారుమారు చేశాను. 68 ఉండాల్సిన చోట 86 పడింది. ఆ కాగితం తిరిగి తిరిగి నాలుగు నెలలకు నా బల్ల మీదకే వచ్చింది. ఆవిడ ఇద్దరు పిల్లలతో ఆఫీసుకొచ్చి "మేమేం తప్పు చేశాం సార్?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. తప్పు నాది. ఆమెతో అదే చెప్పాను. కాగితం సరిదిద్దించాం. కానీ ఆ నాలుగు నెలలు ఆమెకు తిరిగి ఇవ్వలేను కదా!

ఆలోచిస్తే, అది బద్ధకం కాదు. కళ్ళు కాగితం మీద ఉన్నాయి, మనసు లేదు. లేదన్న సంగతి నాకే తెలియలేదు. అసలు జబ్బు అది.

ఆ రోజుల్లోనే మా క్వార్టర్స్ దగ్గర ఒక మాస్టారు పిల్లలకు వయొలిన్ చెబుతుంటే నేనూ చేరాను. మాయామాళవగౌళలో సరళీ వరుసలు, ఆది తాళం. నాలుగు అక్షరాల లఘువు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం ఎనిమిది. అదే వరుసను మూడు కాలాల్లో వాయించాలి. మనసు కాస్త పక్కకెళ్ళిందా, వేలు తప్పు చోట పడుతుంది, చెవి వెంటనే పట్టేస్తుంది. ఫైలులో తప్పు పడితే ఫైలు అరవదు. అపస్వరం మాత్రం అరుస్తుంది. నాకు కావలసిన గురువు అదే అనిపించింది.

మాస్టారు ఒకటే అనేవారు: "తప్పినందుకు బాధపడుతూ కూర్చోకండి, తాళంలో మళ్ళీ కలవండి." ధ్యాస జారడం మానవ సహజం. జారిందని త్వరగా తెలుసుకుని తిరిగి రావడమే సాధన. ఏడాది గడిచాక బల్ల దగ్గర కూడా ఆ గుర్తింపు రావడం మొదలైంది. ఒక లైను చదివి "ఇది చదివానా, ఊరికే చూశానా?" అని నన్ను నేనే పట్టుకునేవాణ్ణి. అలాగని సంగీతం ఒక్కటే చాలిందని చెప్పను. ముఖ్యమైన అంకెలు పక్క సీటతను పైకి చదివితే నేను సరిచూసుకునే పద్ధతి కూడా పెట్టుకున్నాను. రెండూ కలిస్తేనే పని జరిగింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పని చేస్తూ చెవిలో పాటలు పెట్టుకోవడం వేరు, సాధన వేరు. మాటలున్న పాట వింటూ కాగితం చదివితే, ఆ మాటలూ ఈ మాటలూ కొట్టుకుంటాయి. మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందని 1993లో వచ్చిన ఒక పరిశోధన తర్వాత పెద్ద ప్రచారం జరిగింది. నిజానికి అందులో కనిపించినది ఒక రకం పరీక్షలో, కొద్ది నిమిషాల పాటు ఉండే చిన్న తేడా. తర్వాత చాలామంది ప్రయత్నిస్తే అది కూడా నిలకడగా దొరకలేదు. కాబట్టి మహిమలు ఆశించకండి.

ఉద్యోగంతో పాటు సంగీతం నడిపినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఐన్‌స్టీన్ 1902 నుంచి 1909 దాకా స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగి. పగలు దరఖాస్తులు పరిశీలించడం, తీరిక వేళల్లో స్నేహితులతో వయొలిన్. రష్యాలో సీజర్ కుయ్ సైన్యంలో ఇంజినీరు, కోటల నిర్మాణం బోధించిన ప్రొఫెసరు, సంగీతకర్త కూడా. రిమ్‌స్కీ కోర్సకోవ్ నౌకాదళ అధికారిగా మొదలై, 1873లో నౌకాదళ బ్యాండ్లకు ఇన్‌స్పెక్టరయ్యాడు.

మన తెలుగువాళ్ళలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు సైనికుడి ఇంట పుట్టినవారే. 1893లో బెంగుళూరులో జననం, పెరిగింది విశాఖపట్నంలో. చూపు బలహీనం. అయినా 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కన్ను సహకరించకపోయినా చెవిని అంత పదును పెట్టుకున్నారు.

ఈ పుదుచ్చేరి ఊరే చూడండి. డూప్లే దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళైకి వ్యాపారం, రాయబారం, లెక్కలు అన్నీ ఉండేవి. అయినా 1736 నుంచి 1761 దాకా డైరీ రాశాడు. తెలుగు కవులను ఆదరించాడు. కస్తూరి రంగకవి రాసిన ఛందోగ్రంథం ఆయన పేరు మీదే ఉంది. పని ఎక్కువైనవాడికి ఇంకో ధ్యాస ఉండకూడదని ఎవరన్నారు?

మన సర్వీసువాళ్ళకు ఒక మాట. ఫైరింగ్ రేంజుల్లోనూ ఇంజన్ రూముల్లోనూ చెవి దెబ్బతిన్నవాళ్ళు మనలో ఉన్నారు. ముందు చెవి డాక్టరుకు చూపించుకోండి. వయొలిన్ సన్న స్వరాలు సరిగా వినబడకపోతే మృదంగం పట్టండి, చేత్తో తాళం వేయండి. రోజూ ఆఫీసుకు ముందు ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేయడం కంటే అదే మేలు. కచేరీ చేయాలన్న ఆశ పెట్టుకోకండి. నేను ఇప్పటికీ వర్ణం దగ్గరే ఉన్నాను!

మన బల్ల మీద ఉన్నది ఉత్త కాగితం కాదు, ఒక ఇంటి అన్నం. ఆ కాగితం ముందు మనసు కూడా హాజరు పలకాలి. అందుకు నాకు తోడొచ్చింది నాలుగు తీగల వయొలిన్. మీకు ఏది తోడొస్తుందో ఈ సాయంత్రమే వెతకండి.

సెలవు. జై హింద్.