గతి తప్పిన నాడి



నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లకు పైగా గ్రామపాఠశాలలో వ్యాకరణమును, ఛందస్సును బోధించి విశ్రాంతి గొన్నవాడను. పద్యమున నొక గణము తప్పినచో నా చెవి వెంటనే పట్టుకొనును. కాని నా చేతి నాడియే గతి తప్పినప్పుడు బహుకాలము దానిని లెక్కచేయనైతిని. ఆ యనుభవమును, దానివలన నేను తెలిసికొన్న విషయమును నేడు మీకు మనవి చేసికొందును.

మెట్లెక్కునప్పుడు ఆయాసము కలుగుచుండెను. మణికట్టుపై వ్రేళ్లుంచి చూడగా నాడి యొకసారి వడిగాను, ఒకసారి మందముగాను, ఒక్కొక్కసారి యాగినట్లును తోచెను. ముదిమి యని యూరకుంటిని. మా యన్నగారును తమకు నిట్లే యున్నదని చెప్పి నవ్విరి. కొలదినెలలకు ఒకనాటి యుదయమున వారికి కుడిచేయి పడిపోయెను, మాట పోయెను. అప్పుడు గాని నేను పట్టణమునకు పోయి వైద్యులకు చూపించుకొనలేదు. వారు చెప్పిన వ్యాధిపేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అనగా హృదయపు పై గదుల కంపము.

హృదయమున పైన రెండు, క్రింద రెండు గదులు గలవు. కుడివైపు పై గదిలో నొక చిన్న కండరపు ముద్ద కలదు. దానిని ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనువారు 1907లో వర్ణించిరి. అందు పుట్టిన విద్యుత్తు పై గదులందు వ్యాపించి, నడుమ ద్వారమువంటి యొక కేంద్రమును దాటి క్రింది గదులకు దిగును. ఆ ద్వారమును 1906లో జపానుదేశస్థుడగు సునావో తవారా వివరించెను. విశ్రాంతిగా నున్నప్పుడు ఈ పని నిమిషమునకు 60 మొదలు 100 సారులు జరుగును. ఈ వ్యాధిలో పై గదులు 350 మొదలు 600 సారులు అస్తవ్యస్తముగా వణకును. ద్వారము వానిలో కొన్నిటినే విడుచును గనుక నాడి క్రమము తప్పును. పై గదులు చక్కగా ముడుచుకొనమిచే ఎడమగది ప్రక్క సంచివంటి చోట రక్తము నిలిచి గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము కలుగును. ఈ వ్యాధి గలవారికి ఆ భయము ఇతరులకంటె సుమారు ఐదింతలు. మా యన్నగారికి జరిగినది యిదియే.

చేనిని నీరు ముంచినప్పుడు తెలిసిన రైతు నీరు తోడుచు కూర్చుండడు. కాలువకు గండి యెచ్చట పడినదో వెదకును. ఫ్రాన్సుదేశమున బోర్డో నగరమందు మిషెల్ ఐసగేర్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఇట్లే వెదకిరి. 1998లో ప్రకటించిన వారి పరిశోధనయందు 45 మంది రోగులలో కంపమును పుట్టించు చోట్లు 69 కనబడెను. వానిలో నూటికి 94 వంతులు ఊపిరితిత్తులనుండి రక్తమును తెచ్చు సిరలలోనే యుండెను.

ఇప్పుడు వైద్యులు గజ్జయొద్ద సిరలో సన్నని గొట్టమును ప్రవేశపెట్టి, పై గదుల నడిమి గోడను దాటించి ఎడమగదికి చేర్తురు. దాని కొన తాకిన ప్రతిచోటను విద్యుత్తు ఎప్పుడు వచ్చినది, ఎంత బలముగా వచ్చినది యంత్రము వ్రాసికొనును. పూర్వము కరణము లుంచిన గ్రామపటమువలె హృదయపటము రంగులతో తెరపై నిలుచును. దానిని చూచుచు సిరల ముఖద్వారముల చుట్టును వేడిచేతనో, శీతముచేతనో, విద్యుత్ స్పందములచేతనో మచ్చ కలిగింతురు. మచ్చ విద్యుత్తును పోనీయదు. గండికి గట్టు వేసినట్లే.

ఇది యందరికిని తగినది కాదు. రక్తస్రావాది యపాయములు గలవు. వ్యాధి మరల రావచ్చును. రెండవమారు చేయవలసియు రావచ్చును. రక్తము గడ్డకట్టకుండ నిచ్చు మందును ఎవరును తమంత తాము మానరాదు. నాకీ చికిత్స జరిగినది, నాడి కుదుటపడినది. ఆ మందు మాత్రము నేటికిని వేసికొనుచున్నాను.

ప్రతి యుదయమును మా యన్నగారి మణికట్టు పట్టుకొని కూర్చుందును. వారు నా పేరు పలుకబోయి పలుకలేరు. కావున మిమ్ము వేడునది యొక్కటే. నేడే మీ నాడిపై వ్రేళ్లుంచి ఒక నిమిషము పూర్తిగా లెక్కింపుడు. గతి తప్పినట్లు తోచినచో ముదిమి యని యూరకుండక వైద్యుని చూడుడు.

సెలవు.