షట్టరుకు మోటారు – కొనే ముందు

భివండీలో మా తెలుగువాళ్ల పాత ఇళ్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. కింద సాంచల కార్ఖానా, పైన కాపురం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం పని తెలిసిన కుటుంబాలు ఇక్కడికి వచ్చి, పద్మనగర్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. మా మామగారు ఆరు సాంచలు నడిపేవారు. అత్తమ్మ కండెలు చుట్టేది. గిరాకీ తగ్గిన తరువాత చాలామంది లాగే మేమూ సాంచలను తుక్కు కింద అమ్మేశాం. ఆ ఖాళీ జాగాలో ఇప్పుడు మా అబ్బాయి కారు ఉంటోంది. కార్ఖానా షట్టరే కారు గదికి తలుపయింది.

ఆ షట్టరు ఎత్తాలంటే ఇద్దరు కావాలి. అందుకని మోటారు పెట్టించాం. మేస్త్రీ చూపించినవాటిలో చప్పుడు తక్కువ చేసేదాన్ని ఎంచుకున్నాం. అది షట్టరు చుట్టుకునే గొట్టం లోపలే ఇమిడి ఉండే రకం. పైకి కనబడదు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఒక వానాకాలం సాయంత్రం అత్తమ్మ కింద బియ్యం చెరుగుతూ కూర్చుంది. జల్లు కొడుతోందని షట్టరు దించుకుంది. అంతలో కరెంటు పోయింది. మా ఇంటి మెట్లు బయటి నుంచి ఉన్నాయి. కింది గదికి షట్టరు తప్ప వేరే దారి లేదు. ఆ మోటారుకు చేత్తో తిప్పే ఏర్పాటూ లేదు. రెండు గంటల సేపు ఆమె లోపల, మేము బయట. కరెంటు వచ్చి షట్టరు లేచాక ఆమె అన్న మాట ఇది: "సాంచలు నడిచినన్ని దినాలు గీ షట్టరు నన్నెన్నడు లోపటేసి మూయలే బిడ్డా!"

ఆ మాట నాకు పాఠమయింది. మోటారు ఎంత సుఖంగా నడుస్తుందని కాదు, అది నడవనప్పుడు మన గతి ఏమిటని ముందు అడగాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

తలుపు మోటార్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది లోకప్పుకు పట్టాలు బిగించి తలుపును లాగేది. విదేశాల్లో పలకలు పలకలుగా ఉండి పైకప్పు కిందికి జరిగే తలుపులకు దీన్ని వాడతారు. మన చుట్ట షట్టరుకు ఇది పనికిరాదు. రెండవది నేను చెప్పిన గొట్టం మోటారు. మూడవది షట్టరు పక్కన గోడకు బిగించే మోటారు. గొలుసు ద్వారా షట్టరు ఇరుసునే ఇది నేరుగా తిప్పుతుంది. లోకప్పు మీద భారం పడదు. చెడిపోతే విప్పడం సులువు. వీటిలో చాలావాటికి చేతి గొలుసు వేలాడుతుంది. కరెంటు పోతే మోటారు బ్రేకు వదిలించి, గొలుసు లాగి షట్టరు ఎత్తవచ్చు. మేము తరువాత పెట్టించుకున్నది ఇదే.

అయితే గోడ గట్టిదయి ఉండాలి. ఏళ్ల తరబడి సాంచల అదురుకు మా గోడల గిలాబు బోలుగా మారింది. గిలాబులోకి మేకులు దిగేసి మోటారు వేలాడదీస్తే కొన్నాళ్లకు ఊడి వస్తుంది. ఇటుక దాకా చెక్కించి, గోడకు ఆరపార బోల్టులు వేయించాలి. 2005 జూలై 26 వరదను చూసినవాళ్లం కనుక, స్విచ్చులను నీళ్లు అందనంత ఎత్తున పెట్టించాం. మోటారు పెట్టెకు ఎర్తింగు తప్పనిసరి.

తరువాతి ప్రశ్న, ఎంత శక్తిగల మోటారు? లెక్క చిన్నదే. పది అడుగుల ఎత్తు, పది అడుగుల వెడల్పు ఉన్న షట్టరు సుమారు 9.3 చదరపు మీటర్లు. పద్దెనిమిది గేజీ ఇనుప రేకు పట్టీలయితే చదరపు మీటరుకు రమారమి 12, 13 కిలోలు తూగుతుంది. అంటే మొత్తం 110, 120 కిలోలు. అడుగు పట్టీ, తాళాలు కలిపితే 130 అనుకోండి. 300 కిలోల మోటారు దీనికి ధారాళంగా సరిపోతుంది. 800 కిలోలది అంటగడితే వద్దనండి. ఖర్చు ఒక్కటే కాదు, మధ్యలో ఏదైనా చిక్కుకుంటే అంత బలంతోనూ అది అదుముతుంది.

ఇక పిల్లల సంగతి. చవకరకం మోటార్లకు కింద ఎవరున్నారో తెలియదు, చివరిదాకా దిగుతూనే ఉంటాయి. అమెరికాలో పిల్లలు తలుపుల కింద నలిగి చనిపోయాక చట్టం తెచ్చారు. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇంటి గ్యారేజీ మోటార్లకు, మనిషి చిక్కుకోకుండా కాపాడే ఏర్పాటు ఉండి తీరాలన్నారు. అలాంటి ఏర్పాటుల్లో కాంతి కన్ను ఒకటి. దాన్ని నేల నుంచి ఆరు అంగుళాలకు మించని ఎత్తున పెడతారు. ఆ కిరణానికి ఏదైనా అడ్డొస్తే దిగే తలుపు ఆగి వెనక్కి లేస్తుంది. మనం విడిగా అడిగి అయినా దీన్ని పెట్టించుకోవాలి. నెలకొకసారి ఖాళీ అట్టపెట్టె అడ్డుపెట్టి పరీక్షించండి, చెయ్యి పెట్టి మాత్రం కాదు. మా పేటలో దూది నుసి ఆ కన్ను మీద పేరుకుంటుంది. అప్పుడు షట్టరు దిగనని మొరాయిస్తుంది. గుడ్డతో తుడిస్తే చాలు. విసుగెత్తి దాని తీగలు తీసేయించకండి.

మరో రెండు జాగ్రత్తలు. గొలుసు తెగితే షట్టరు ఒక్కసారిగా పడకుండా పట్టే బ్రేకు ఉందా అని అడగండి. పాత పక్క గడియలను తీసేయించండి. గడియ వేసి ఉందని మరచి మీట నొక్కితే పట్టీలు వంగిపోతాయి.

ఇంట్లో అందరూ బయట ఉండగా కరెంటు పోతే లోపలి గొలుసు అందదు. షట్టరొక్కటే దారి అయిన ఇంటికి, బయటి నుంచి తాళంచెవితో బ్రేకు వదిలించే వీలయినా ఉండాలి, బ్యాటరీ అయినా ఉండాలి.

చివరగా ఒక మనవి. మోటారు బిగించగానే మేస్త్రీకి డబ్బులిచ్చి పంపకండి. ఆయన ఎదుటే మెయిను స్విచ్చి ఆపించి, ఇంట్లో అందరికంటే బలహీనులైన పెద్దవారి చేత షట్టరు ఎత్తించి చూడండి. మా ఇంట్లో ఆ పరీక్ష చేసింది అత్తమ్మే. గొలుసు లాగి, నడుమెత్తు దాకా షట్టరు లేపి, వంగి బయటికి వచ్చింది. ఆ తరువాతే మేస్త్రీ చేతిలో డబ్బులు పెట్టాం.