గూడెం విడవని ఆచార్యుడు



అమలాపురంలో సాహిత్య సదస్సు అంటే అధ్యక్షుడు కవిత్వం గురించి మాట్లాడతాడని అందరూ అనుకుంటారు. నేను ఒక ఉద్యోగం గురించి మాట్లాడదలిచాను. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయంలో ఆదివాసీ స్వపరిపాలన బోధించే ఆచార్యుడి ఉద్యోగం అది. దానికి ఎవరిని తీసుకోవాలి, ఎలా తీసుకోవాలి అన్నదే ఈరోజు నా ప్రసంగం.

కోనసీమకు ఈ సంగతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన కాలువలకు పారే గోదావరి పాపికొండల నడుమ నుంచి వస్తోంది. ఆ కొండల్లో కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఊళ్లు నడుపుకున్నారు. పోలవరం ముంపు వాళ్ల ఊళ్ల మీదికే వచ్చింది. ఆ ఊళ్లు ఏ కట్టుబాటుతో నడిచాయో తెలుసుకోవలసిన బాధ్యత ఆ నీళ్లు తాగే మన మీద అందరికంటే ఎక్కువ ఉంది.

వాళ్ల కొత్తల పండుగ ఒక్కటే చూడండి. మామిడికాయ కళ్లెదుట వేలాడుతున్నా ఊరంతా కలిసి పండుగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. పండుగ ఎప్పుడో పెద్దలు కూర్చుని తేలుస్తారు. కాయ ముదిరేదాకా ఆగడం, ఉన్నవాడికీ లేనివాడికీ తొలిపంట ఒకేనాడు అందడం ఆ ఆచారంలోనే ఇమిడి ఉన్నాయి. దాన్ని మనం వేడుక అని రాసి వదిలేశాం. అది పరిపాలన. ఆదిలాబాద్ గోండుల పంచాయతీలైన రాయ్ సెంటర్లలో సార్‌మేడి అనే ముఖ్యుడు, పెద్దలు కలిసి తగవులు తీర్చడమూ పరిపాలనే. ఇలాంటిది మనకు తెలియనిది కాదు. కనుమనాడు మన జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల ప్రభలు వస్తాయి. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే మిగిలినవాటిని పైకెత్తి గౌరవిస్తారు. ఏ ప్రభ స్థానం ఏదో ఏ చట్టమూ రాయలేదు, అయినా క్రమం తప్పదు.

1996 నాటి పెసా చట్టం ఆదివాసీ గ్రామసభకు తన సంప్రదాయాలనూ, ఉమ్మడి వనరులనూ, తగవులు తీర్చుకునే ఆచార పద్ధతులనూ కాపాడుకునే అధికారం ఉందని ఒప్పుకుంది. మన రాష్ట్రంలో దానికి నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. చట్టం ఒప్పుకున్న ఈ విద్యను తరగతిలో చెప్పేవారెవరు? విజయనగరం జిల్లాలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. ములుగు సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023లో చట్టం అయింది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డిగారు స్వయంగా పంచాయతీరాజ్ పండితుడు. ఊరి పాలనను చదివిన మనిషే దూరవిద్యకు దారి వేశాడని గుర్తు చేసుకుంటే నాకు ధైర్యం కలుగుతుంది.

అయినా అధ్యాపకుడి కోసం ప్రకటన వేస్తే పీహెచ్‌డీ, నెట్, ప్రచురణలు అడుగుతాం. ఊరి మధ్య నలభై ఏళ్లు తగవులు తీర్చిన పెద్ద ఆ వరుసలో నిలబడలేడు. ఆయన మాటలను రాసుకుని పట్టా పొందినవాడు నిలబడతాడు. ఇది నాకు బాధ కలిగిస్తుంది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవర మనుషుల దగ్గర సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయనకు దండ వేస్తాం, వేయాల్సిందే. ఆయనకు భాష చెప్పిన సవర గురువులను మన సభల్లో ఎన్నడైనా తలిచామా?

వేరే దారి లేదని మాత్రం అనకండి. 1943లో ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. పట్టాలున్నవాళ్లను అడవికి పంపలేదు, అడవిలో ఉన్నవాళ్లనే పంతుళ్లను చేశారు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం 2018లో ఆదివాసుల న్యాయాన్నీ కోర్టుల న్యాయాన్నీ కలిపి డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది. మన యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతిలో పట్టా తప్పనిసరి కాదు. పదిహేనేళ్ల అనుభవం చాలు. పంచాయతీరాజ్, గిరిజనాభివృద్ధి రంగాల పేర్లు అందులోనే ఉన్నాయి. అయితే అది నాలుగేళ్లకు మించని కొలువు. నాలుగేళ్లకు సాగనంపే కుర్చీతో నేను తృప్తిపడలేను, కానీ తలుపు తెరిచే ఉంది కాబట్టి ముందు లోపలికి వెళ్దాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పు ఎన్ని ఇళ్లలో ఆశ తీసేసిందో మీకు తెలుసు. అందుకే పుట్టుకను మాత్రమే అర్హతగా పెట్టమని నేను అడగను. గ్రామసభలో చేసిన పని, భాషలో పట్టు, ఆ ఊళ్ల విశ్వాసం, వీటిని అర్హతలుగా రాయమంటాను. ఎంపిక సంఘంలో గ్రామసభ పెద్దలు కూర్చోవాలి.

ఆన్‌లైన్ విద్య గొప్పతనమంతా విద్యార్థికి ఊరు వదలక్కర్లేకపోవడమే అంటారు. నాకు ఇంకొకటి అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. గురువుకూ ఊరు వదలక్కర్లేదు. గూడెం పెద్దను నగరంలో క్వార్టర్సుకు తెచ్చి కూర్చోబెడితే ఏడాదిలో ఆయన మాటకు ఊళ్లో బలం తగ్గుతుంది. తప్పు చెబితే అడిగేవాళ్లు చుట్టూ ఉండరు. గూడెంలోనే ఉండి చెబితే ప్రతి పాఠానికీ ఊరు సాక్షి. అందుకు విశ్వవిద్యాలయమే అక్కడికి కరెంటు, సిగ్నల్, ఒక గది, తోడుగా కోయా, తెలుగు రెండూ వచ్చిన యువ సహాయకుణ్ణి ఇవ్వాలి. గంటకింత అని గౌరవ వేతనం కాదు, ఆచార్యుడి జీతమే ఇవ్వాలి.

మరొక్కటి. పాఠం ఒకసారి రికార్డయితే ఎక్కడికైనా పోతుంది. మందుమొక్కల గురించి, దేవర గుళ్ల గురించి ఏది బయట చెప్పవచ్చో ఏది చెప్పకూడదో ఊరే నిర్ణయించాలి. వద్దన్ననాడు ఆ పాఠాన్ని తీసెయ్యాలి. ఈ షరతు నియామక పత్రంలోనే ఉండాలి. మధ్యాహ్నం తీర్మానాల సభలో ఇదంతా మీ ముందు పెడతాను. మీరు ఆమోదిస్తే విజయనగరానికీ ములుగుకూ, ఆన్‌లైన్ కోర్సులు నడిపే మిగతా విశ్వవిద్యాలయాలకూ పంపుదాం. పంపే ముందు కోయా తెలిసినవారి చేత ఆ భాషలోకి కూడా రాయించి, పాపికొండల గ్రామసభలకు చదివి వినిపించి, వాళ్లు మార్చమన్నది మారుద్దాం.