ధాత కరువునాఁటి గవర్నరు



మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమల పెద్దలు ధాత కరువని చెప్పుకొనుచుండిన 1876-78 నాఁటి క్షామము మీరు వినినదే. 1871, 1881 జనగణనల నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య రమారమి నాల్గవవంతు తగ్గిపోయినది. అప్పుడు చెన్నపట్టణమున గవర్నరు బకింగ్‌హాం ప్రభువు.

1877 ఆరంభమున వైస్రాయి లిట్టన్ పంపఁగా వచ్చిన సర్ రిచర్డు టెంపుల్ వ్యయము తగ్గింపఁగోరి, కరువుపనులలోని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, అరయణాయుఁ జాలునని నిర్ణయించెను. పౌననఁగా నేఁటి లెక్కకు సుమారు 450 గ్రాములు. పప్పు, ఉప్పు, కట్టెలు సమస్తమును ఆ యరయణాలోనే! గవర్నరు దీనిని పరీక్షార్థము అంగీకరించెను. ఇది ఆయన దోషమే యందును. ఆరోగ్యశాఖాధికారియైన కార్నిష్ వైద్యుఁడు మాత్రము, కాయకష్టము చేయువానికి ఈ కొలత చాలదనియు, దేహము కృశించిపోవుననియు పట్టుపట్టి వ్రాసెను. ఆ మాట విని, పైవారికి రుచింపదని తెలిసియు, బకింగ్‌హాం కూలి పెంచెను. తాను ఒప్పుకొనిన దానిని తానే మార్చుట అధికారులకు సులభముగాదు.

ఆయన పేర కాలువ నిలిచినది. కార్నిష్ పేరు నేను ఇన్నేండ్లు పాఠములు చెప్పియు ఒక్క బాలునకైనఁ జెప్పలేదు, సిగ్గుపడుచున్నాను.

మన వసతిగృహమున బాలుర భోజనపు పద్దు నేఁటి మధ్యాహ్నము తీర్మానమునకు రానున్నది. అంకె వేయుటకు ముందు దాతలు ఒకపూట వారి పంక్తిని కూర్చుండి భుజింపవలెనని నా విన్నపము.