పది రూపాయలకు లెక్క రాసే మనం, పిల్ల దెబ్బకు రాయమా?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు మాట్లాడిన మాటలు)



నన్ను పొదుపు గురించో, లోన్ల రికవరీ గురించో మాట్లాడమంటారని అనుకున్నాను. కానీ ఏపీఎం సారు "మీ ఊరి బడి ముచ్చట చెప్పమ్మా, మిగతా ఊర్లకు పనికొస్తది" అన్నారు. నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. మైకు పట్టుకోవడం అలవాటు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. అందులో నా తప్పులు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

దీపావళి అయిపోయి పత్తి ఏరే రోజులు. పొద్దు మునిగినాక ఇంటికొచ్చాను. మూడో తరగతి చదివే మా చిన్నది గడప మీద కూర్చుంది. ఎడమ చేయి ఒళ్ళో పెట్టుకొని, దాని మీద తువ్వాల కప్పుకుంది. "ఏమైంది బిడ్డా" అంటే "ఏం కాలేదమ్మా" అంది. తువ్వాల తీసి చూస్తే మణికట్టు ఉబ్బి ఉంది. మా అత్తమ్మ పసుపు సున్నం పెట్టింది. రాత్రంతా పిల్ల మూలిగింది.

తెల్లారి ఏరియా ఆసుపత్రికి తీసుకపోయాం. ఎక్స్‌రే తీస్తే మణికట్టు పైన ఎముక విరిగింది. డాక్టరు "దెబ్బ ఎప్పుడు తగిలింది" అని అడిగాడు. "నిన్న సాయంత్రం" అని నేను చెప్పాను. పిల్ల అడ్డం పడి "కాదు సారూ, పొద్దున ప్రార్థన అయినాక" అంది. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టు అయింది. పొద్దున ప్రార్థన నుంచి సాయంత్రం బడి వదిలేదాక నా బిడ్డ విరిగిన చేయితో క్లాసులో కూర్చుంది. కుడిచేత్తో అన్నం తిన్నది, కుడిచేత్తో పాఠం రాసుకుంది. నాకు ఎవ్వరూ చెప్పలేదు. వాపు బాగా ఉందని ముందు సగం కట్టు వేశారు, వాపు తగ్గినాక రమ్మని, అప్పుడు పూర్తి కట్టు వేశారు.

"నాకెందుకు చెప్పలేదు" అని పిల్లను అడిగాను. "నీళ్ల కాడికి ఎందుకు పోయినవని కొడతవని" అంది. అక్కలారా, ఈ మాట నేను మర్చిపోలేను. దెబ్బ తగిలిన పిల్ల బడిలో చెప్పడానికి భయపడింది, ఇంట్లో చెప్పడానికీ భయపడింది. మొదటి తప్పు నా ఇంట్లోనే ఉంది.

అదే కోపంలో మరుసటి రోజు బడికి పోయాను. మా మరిదిని వెంట తీసుకపోయాను. గేటు కాడి నుంచే అరుపులు. "మీరు జీతాలు తీసుకుంటలేరా, మా పిల్లలంటే అంత అలుసా" అన్నాను. హెడ్మాస్టరు సారు "బడిలో పడలేదమ్మా, ఇంటికాడ పడి ఉంటది. నువ్వే కమిటీ చైర్మన్‌వి, నువ్వే ఇట్ల మాట్లాడితే ఎట్లా" అన్నాడు. టీచర్లందరూ ఒక దిక్కు నిలబడ్డారు. నేను అరవడం, వాళ్లు లేదనడం. పిల్ల కట్టు కట్టిన చేయితో తలుపు చాటున నిలబడి చూస్తోంది. తెల్లారి బడికి పోను అని మంచం దిగలేదు. నేను అరిచినందుకు నాకు వచ్చిన లాభం అదే.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారని మీకందరికీ తెలుసు. గ్రామ సంఘం అధ్యక్షురాలే ఆ కమిటీకి అధ్యక్షురాలు, హెడ్మాస్టరు కన్వీనరు. అట్లా మా ఊరి బడి కమిటీకి నేనే అధ్యక్షురాలిని. నా బిడ్డ జారిపడింది కొత్తగా వేయించిన నల్లాల కాడ. నీళ్లు పోయే దారి లేక అక్కడ నాచు పట్టింది. ఆ పని బిల్లు మీద సంతకం పెట్టింది నేనే. సంతకం పెట్టాను కానీ ఒక్కసారి కూడా ఆ నల్లాల కాడికి పోయి చూడలేదు.

ఆ వారం మా సంఘం మీటింగులో ఇదంతా చెప్పి ఏడ్చాను. మా సంఘంలో పెద్దమ్మ ఒకామె ఉంది, వేలిముద్ర వేస్తది. ఆమె అడిగింది: "లోను కోసం బ్యాంకుకు పోతే ఏం పట్టుకొని పోతవు బిడ్డా?" తీర్మానం, పాసు పుస్తకం అన్నాను. "మరి బడికి ఏం పట్టుకొని పోయినవు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఉత్త నోరు పట్టుకొని పోయాను.

మన పంచసూత్రాలలో పుస్తకాలు రాయడం ఒకటి. పది రూపాయలు తక్కువైనా మినిట్స్ పుస్తకంలో రాసే మనం, పిల్ల చేయి విరిగితే నోటిమాటకు వదిలేస్తామా?

ఆ మీటింగులోనే ఇంకో సంగతి బయటపడింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క మా సంఘం మనిషే. అందరూ లేచేటప్పుడు ఆమె మెల్లగా చెప్పింది. "ఆ పొద్దు నేను చూసిన. తడిబట్ట చుట్టింది నేనే. నోరు తెరిస్తే వంట పని పోతదని భయపడ్డ." ఒక్కసారిగా అందరూ ఆమె మీదికి పోయారు. సంఘం నుంచి తీసేయాలన్నారు. నేనూ అదే అన్నాను. తర్వాత పెద్దమ్మే ఆపింది. వంట బిల్లులు నెలలు ఆగినా అప్పుజేసి పప్పు ఉప్పు తెచ్చి వండే మనిషి ఆమె. ఆ పని పోతే ఆమె ఇల్లు గడవదు. భయపడిన మనిషిని వెళ్లగొడితే రేపు ఇంకెవరూ నోరు తెరవరు. అందుకే ఆమె పేరు కాగితంలో రాయొద్దని అనుకున్నాం. బడిలో పనిచేసే వాళ్లు పిల్లల దెబ్బల గురించి చెప్తే వాళ్లకు గ్రామ సంఘం అండగా ఉంటదని తీర్మానం రాసుకున్నాం.

తర్వాత కాగితం రాశాం. నా బిడ్డ విషయం కాబట్టి నేను ఒక్కదాన్నే సంతకం పెడితే బాగుండదని కార్యదర్శి, కోశాధికారి, ఇంకో ముగ్గురు తల్లులు కూడా పెట్టారు. ఆ కాగితంలో ఉన్నది ఇది:

"హెడ్మాస్టరు గారికి. మా పాప మూడో తరగతి. ఫలానా తారీఖు ప్రార్థన అయినాక నల్లాల కాడ జారిపడింది. తోటి పిల్లలు చూశారు. సాయంత్రం వరకు ఇంటికి కబురు రాలేదు. తెల్లారి ఆసుపత్రిలో చేయి విరిగిందని తేలింది, ఆసుపత్రి చీటీ జిరాక్సు జతపరిచాం. ఆ రోజు ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏం చేశారు, మాకు ఎందుకు చెప్పలేదు అనేది రాసి ఇవ్వాలని కోరుతున్నాం. ఇక మీద ఇట్లా జరగకుండా ఏం చేస్తారో కమిటీలో కూర్చొని మాట్లాడాలని కోరుతున్నాం."

ఇంతే. తిట్టు ఒక్కటి లేదు. రెండు కాపీలు చేసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తారీఖు వేయించుకున్నాం. ఈ పని మనకు బ్యాంకు నేర్పిందే.

కాగితం చూసినాక సారు "ఇంటికాడ పడి ఉంటది" అని మళ్లీ అనలేదు. క్లాసు టీచరమ్మను పిలిచాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రోజు ఇంకో టీచరు ట్రైనింగుకు పోతే రెండు క్లాసులు ఈమె ఒక్కతే చూసిందట. బెణికింది అనుకుందట. "ఫోన్ చేసిన, కలవలేదు" అని రిజిస్టరు తెచ్చి చూపించింది. అందులో ఉన్నది నా పాత నంబరు. సిమ్ము మార్చి ఏడాది దాటింది, బడికి చెప్పలేదు. ఇది నా రెండో తప్పు. కానీ నేను ఒక మాట అడిగాను. "ఫోన్ కలవకపోతే ఒక పిల్లగాన్ని వీవోఏ ఇంటికి పంపితే సరిపోయేది కదా మేడం?" ఆమె తల ఊపింది. తప్పు తనదే అని రాసి ఇచ్చింది.

మా చుట్టాలు ఆ టీచరును ట్రాన్స్‌ఫర్ చేయించమన్నారు. మేము ఆ పని చేయలేదు. ఆమె పిల్లలకు మంచిగా చదువు చెప్తుంది. ఆమె పోతే వచ్చే టీచరు కూడా ఒక్కతే రెండు క్లాసులు చూడాలి. మాకు కావాల్సింది వేరే. కమిటీలో మూడు అడిగాం. నల్లాల కాడ గరుకు సిమెంటు చేయించి నీళ్లకు కాలువ తీయాలి. ప్రతి పిల్లకు రెండు ఫోన్ నంబర్లు రాయాలి, ఒకటి ఇంటిది, ఒకటి ఊర్లో ఎప్పుడూ ఉండే మనిషిది. మూడోది, దెబ్బల పుస్తకం. ఎవరికి, ఎన్ని గంటలకు, ఎట్లా తగిలింది, ఏం చేశారు, ఇంట్లో ఎవరికి చెప్పారు అని రాయాలి.

పుస్తకం ఎందుకంటే, కొన్ని దెబ్బలు పైకి కనపడవు. తలకు దెబ్బ తగిలిన పిల్ల ఆడుకుంటూనే ఉండొచ్చు. తర్వాత వాంతులు చేసుకుంటే, మత్తుగా పడుకుంటే, మాట తడబడితే, ఫిట్స్ వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి, 108కి ఫోన్ చేయాలి. దెబ్బ తగిలిందని తల్లికి తెలియకపోతే, పిల్ల అలిసిపోయి పడుకుందని అనుకుంటది. కుక్క గానీ కోతి గానీ కరిచినా, గీరినా అంతే. వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు సూది వేయించాలి. రేబిస్ వచ్చినాక మందు లేదు. అందుకే అదే రోజు చెప్పాలి.

ఇంకో సంగతి. అన్ని దెబ్బలూ జారిపడినవి కావు. సారు కొట్టిన దెబ్బ అయితే అది వేరే లెక్క. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లలను కొట్టడం, మనసు బాధపెట్టేటట్టు వేధించడం నేరుగా నిషేధం. "నాలుగు తగిలించండి సారూ" అని మనమే చెప్పి రావడం ఇక మానాలి. హెడ్మాస్టరు వినకపోతే ఎంఈవోకు, ఆ పైన డీఈవోకు, సోమవారం కలెక్టరు ప్రజావాణిలో కాగితం ఇవ్వొచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది, పైసా ఖర్చు లేదు.

పిల్ల ఒంటి మీద చెడు చెయ్యి పడిందని అనుమానం వస్తే మాత్రం కమిటీలో పెట్టి మాట్లాడే ముచ్చట కాదు. పంచాయితీ అసలే కాదు. నేరుగా పోలీసులకు గానీ 1098కి గానీ చెప్పాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే, టీచరుకైనా మనకైనా. పిల్లను పదిమందిలో కూర్చోబెట్టి పదిసార్లు అడగొద్దు. ఆ పిల్ల పేరు ఊర్లో చెప్పొద్దు.

ఇప్పుడు మా బడి ఎట్లా ఉంది అంటే, నల్లాల కాడ పని అయింది. ఈసారి నేను పోయి, చెప్పులు విడిచి, తడి నేల మీద నడిచి చూసినాకనే సంతకం పెట్టాను. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక బాబు మెట్ల మీద పడి తలకు దెబ్బ తగిలింది. పది నిమిషాల్లో వాళ్ల అమ్మకు ఫోన్ పోయింది. దారిలోనే బాబు వాంతి చేసుకున్నాడు, 108లో తీసుకపోయారు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచి చూసి పంపారు. బాబు బాగున్నాడు. ఫోన్ చేసింది ఎవరో కాదు, మా పాప టీచరమ్మే. వంట చేసే అక్క పనీ పోలేదు.

అంతా బాగైపోయిందని చెప్పను. మధ్యలో నెలన్నర దెబ్బల పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. అంతమంది పిల్లలు ఉన్న బడిలో నెలన్నర ఎవరూ పడలేదంటే నమ్మలేం కదా. అడిగితే "మర్చిపోయినం" అన్నారు. అందుకే ఇప్పుడు ప్రతి నెలా కమిటీ మీటింగులో ముందు ఆ పుస్తకం తీసి చదువుతాం, తర్వాతే మిగతా పనులు. మన సంఘం పుస్తకమైనా అంతే కదా, చూసేవాళ్లు లేకపోతే రాసేవాళ్లు ఉండరు.

మా పాప చేయి అతుక్కుంది. చెంబు ఎత్తితే ఇంకా కొంచెం నొప్పి అంటది. కానీ మొన్న మోకాలు గీరుకుపోతే ఇంటికి రాగానే తనే చూపించింది. "బడిలో పుస్తకంలో కూడా రాసిండ్రమ్మా" అంది. కొడతానేమో అని నా మొఖం చూడలేదు. నాకు అది చాలు.

అక్కలారా, మీ ఊర్లకు పోయినాక వచ్చే మీటింగులో రెండు ప్రశ్నలు అడగండి. బడి రిజిస్టరులో మన ఫోన్ నంబరు ఇప్పటిదేనా? దెబ్బ తగిలితే రాసే పుస్తకం బడిలో ఉందా? లేకపోతే ఒక నోటుబుక్కు కొనుక్కొని పోండి. కోపం ఉంటే ఉండనివ్వండి, కానీ చేతిలో కాగితం ఉండాలి, పక్కన ఇద్దరు అక్కలు ఉండాలి.