పాలు చాలవన్న మాట

గాజువాక, పెదగంట్యాడ బస్తీల్లో బాలింతలు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "నా పాలు చాలడం లేదేమోనమ్మా?" బిడ్డ రోజుకు 6, 7 సార్లు ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. డబ్బాపాలు అలవాటైతే ఆ మేరకు తగ్గుతాయి. ముర్రుపాలు పిండి పారబోసి పంచదార నీళ్ళు పట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. పచ్చగా, చిక్కగా వచ్చే ఆ కొద్ది పాలే బిడ్డకు తొలి రక్షణ. 6 నెలలదాకా, మన ఎండల్లో కూడా, మంచినీళ్ళు అక్కర్లేదు.

అసలు చిక్కు పని దగ్గర. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు తట్టతో పోయే తల్లి, ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఊడ్చే తల్లి పాలెప్పుడివ్వాలి? పిండి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి వెళ్తే నీడపట్టున 4 గంటలు నిలవుంటాయి, ఇంట్లోవాళ్ళు చెంచాతో పట్టవచ్చు. అయితే అది హక్కుకు బదులు కాదు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక, రోజుకు మరో రెండు విరామాలివ్వాలని 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. 50 మంది పనిచేసేచోట క్రెష్ పెట్టాలని 2017 సవరణ అన్నది. కాంట్రాక్టర్లు మనుషుల్ని ముక్కలుగా చూపిస్తే ఆ 50 ఎక్కడ తేలుతుంది? చేపలమ్ముకునే తల్లికి అసలు యజమానే లేడు, విరామం ఎవరినడగాలి?

వచ్చే మీటింగుకు మీ బస్తీ ఆడవాళ్ళు పనిచేసే ఏయే చోట్ల క్రెష్ ఉందో, ఎక్కడ లేదో రాసుకురండి.